నగరం నుండి వేరుపడిన ఊళ్ళు
(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రాలు ఎట్లా ఏర్పడినవో మీరు పాఠ్యగ్రంథాలలో చదువుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ, 2014లో తెలంగాణ. ఈ తేదీలు మీకు కంఠస్థమై ఉంటవి. కాని మీ వీధి దీపాన్ని వెలిగించవలసిన సంస్థ ఏది, దాని పొలిమేర ఎక్కడ, ఆ పొలిమేరను నిర్ణయించే అధికారం ఎవరిది అని అడిగితే మనలో చాలామంది తడబడతాము. రాష్ట్రాల సరిహద్దులు మారడం అరుదు. పురపాలక సంఘాల పొలిమేరలు మాత్రం తరచుగా మారుతూనే ఉంటవి. నగరం పెరుగుతుంది; చుట్టుపక్కల పల్లెలను తనలో కలుపుకుంటుంది. కొన్నాళ్ళకు ఆ పల్లెలలో కొన్ని "మేము ఇమడలేకపోతున్నాము, మాకు వేరే పురపాలక సంఘం కావాలి" అంటవి.

ఈ కోరిక న్యాయమైనదా? న్యాయమైనదయితే ఏ పద్ధతిలో నెరవేర్చాలి? నెరవేర్చిన తరువాత ఏమి మిగులుతుంది? ఈ మూడు ప్రశ్నలను ఈనాడు మీ ముందు ఉంచదలచాను. ఉదాహరణ కొరకు మహారాష్ట్రలోని పుణె నగరానికి వెళదాము. అక్కడ రెండు ఊళ్ళు 2017లో నగరంలో కలిసి, 2024లో నగరం నుండి వేరుపడి సొంత పురపాలక సంఘాన్ని పొందినవి. ఏడు సంవత్సరాల ఈ కథలో పౌరశాస్త్రం మొత్తం ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

రాజ్యాంగం చెప్పిన మాట

ముందుగా చట్టాన్ని కొంచెం పరిశీలిద్దాము. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోనికి వచ్చినది. దానితో పురపాలక సంస్థలకు రాజ్యాంగంలో స్థానం లభించినది. 243-క్యూ అధికరణం మూడు రకాల సంస్థలను పేర్కొన్నది. పల్లె రూపం నుండి పట్టణ రూపానికి మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ, చిన్న పట్టణ ప్రాంతానికి పురపాలక సంఘం, పెద్ద పట్టణ ప్రాంతానికి నగరపాలక సంస్థ. ఒక ప్రాంతం ఏ తరగతికి చెందుతుందో నిర్ణయించేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు సమకూరే ఆదాయం, వ్యవసాయేతర వృత్తులలో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం మొదలగు అంశాలను గవర్నరు పరిగణించవలెనని కూడా ఆ అధికరణమే చెప్పినది.

గీత గీసే అధికారం రాష్ట్రానిదే అయినా, తోచిన చోట గీయడానికి వీలు లేదన్నమాట. మహారాష్ట్ర 1965 నాటి పురపాలక చట్టం ప్రకారం ఒక ప్రాంతం పురపాలక సంఘం కావాలంటే అక్కడ కనీసం 25,000 జనాభా ఉండాలి. వ్యవసాయేతర పనులలో ఉన్నవారు 35 శాతానికి తగ్గరాదు. ప్రభుత్వం ముందుగా ముసాయిదా ప్రకటన వెలువరించి, ప్రజల అభ్యంతరాలను విని, ఆ తరువాతనే తుది ప్రకటన చేయాలి. అభ్యంతరాలకు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. ఇక ఆ ప్రాంతం అప్పటికే ఒక నగరపాలక సంస్థలో భాగమై ఉంటే, దానిని విడదీసే ముందు ఆ సంస్థను సంప్రదించాలని నగరపాలక సంస్థల చట్టం చెబుతున్నది. ఈ సంప్రదింపు అన్న మాటను గుర్తుంచుకోండి. మరొక ఊరి కథలో ఇది మళ్ళీ వస్తుంది.

పుణె శివారులో రెండు ఊళ్ళు

పుణె పురాతన నగరం. మహాత్మా జ్యోతిరావు ఫూలే 1870లలో ఆ నగర పురపాలక సంఘంలో సభ్యుడుగా పనిచేశారు. స్వాతంత్ర్యానంతరం 1950లో అక్కడ నగరపాలక సంస్థ ఏర్పడినది. నగరానికి తూర్పు దిక్కున హడప్సర్ దాటి సాస్వడ్ వైపు పోయే దారిలో ఫుర్సుంగి, ఉరుళి దేవాచి అనే ఊళ్ళున్నవి. జ్ఞానేశ్వరుని పల్లకీ పుణె నుండి పంఢరపురానికి సాగిపోయేది ఈ దారినే. వారకరీ భక్తుల భజనలు వినవచ్చే ఈ దారి పక్కనే, గత కొన్ని దశాబ్దాలలో, గిడ్డంగులు, దుకాణాలు, బహుళ అంతస్తుల భవనాలు వెలసినవి. కంప్యూటరు సంస్థల ప్రాంగణం కూడా వచ్చినది. పేరుకు పల్లెలే అయినా జీవన విధానం పట్టణానిదే.

ఈ ఊళ్ళకు నగరంతో మరొక సంబంధం ఉన్నది. అది సుఖదాయకమైన సంబంధం కాదు. పుణె నగరపు చెత్త దశాబ్దాల తరబడి వచ్చి పడినది ఇక్కడనే. ఉరుళి దేవాచి, ఫుర్సుంగి పొలిమేరలలో 163 ఎకరాల విస్తీర్ణంలో చెత్త డిపో ఉన్నది. తడి చెత్త, పొడి చెత్త అన్న భేదం లేకుండా గుట్టలుగా పోసిన ఆ కుప్పల నుండి ఊరిన మురికినీరు భూగర్భ జలాలలోనికి దిగినది. బావినీరు తాగడానికి పనికిరాకపోయినది. దుర్గంధం, ఈగలు, అప్పుడప్పుడు మంటలు, పొగ. 2017 ఏప్రిల్‌లో డిపోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగినప్పుడు గ్రామస్థులు చెత్త లారీలను మూడు వారాలకు పైగా అడ్డుకున్నారు. నగర వీధులలో చెత్త పేరుకుపోయినది. ఒక మహానగరం తన శివారు పల్లెల మీద ఎంతగా ఆధారపడి ఉన్నదో అప్పుడు అందరికీ తెలిసివచ్చినది.

అదే సంవత్సరం అక్టోబరు 4వ తేదీన ఈ రెండు ఊళ్ళతో సహా పదకొండు గ్రామాలను ప్రభుత్వం పుణె నగరపాలక సంస్థలో కలిపినది. వాటిలో తొమ్మిదింటిలో కొంత కొంత భాగం అంతకుముందే నగరంలో ఉన్నది. మొత్తంగా కొత్తగా చేరినవి ఫుర్సుంగి, ఉరుళి దేవాచి మాత్రమే. నగరంలో కలిస్తే మంచినీటి గొట్టాలు వస్తవి, మురుగు కాలువలు వస్తవి, రోడ్లు వెడల్పవుతవి అని జనం గంపెడాశ పెట్టుకున్నారు. నగర పరిధిలోనికి వచ్చిన ఊళ్ళను చెత్తకుప్పగా చూడరని కూడా కొందరు నమ్మారు.

పన్ను ముందు, సదుపాయం వెనుక

తరువాత జరిగినది ఏమిటి? గ్రామ పంచాయతీ రద్దయినది. పంచాయతీ పన్ను స్థానంలో నగరపాలక సంస్థ ఆస్తి పన్ను వచ్చినది. కొత్తగా కలిసిన ప్రాంతాలలో పన్నును ఒక్కసారిగా పెంచకుండా, ఏటా ఇరవై శాతం చొప్పున మెట్లు మెట్లుగా నగర రేటుకు తీసుకురావాలని మహారాష్ట్ర చట్టంలో నియమం ఉన్నది. ఇది దయగల నియమమే. కాని పన్నుకు మెట్లు ఉన్నట్లు సదుపాయాలకు మెట్లు లేవు. అయిదేళ్ళలో పన్ను నూటికి నూరు పాళ్ళు నగరపు పన్ను కావాలని చట్టం నిర్దేశించినది. అయిదేళ్ళలో నీరు కూడా నూటికి నూరు పాళ్ళు నగరపు నీరు కావాలని ఏ చట్టమూ నిర్దేశించలేదు. అనేక కాలనీలు ట్యాంకరు నీటి మీదనే ఆధారపడినవి. గిడ్డంగుల వారు, దుకాణాల వారు పన్ను నోటీసులు చూసి బెంబేలెత్తినారు.

ఇందులో నగరపాలక సంస్థ పక్షాన కూడా చెప్పవలసినది ఉన్నది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చేనాటికి నగరాల పాత ఆదాయమయిన ఆక్ట్రాయి, దాని తరువాత వచ్చిన స్థానిక సంస్థల పన్ను గతించినవి. నగరానికి సొంతంగా మిగిలిన ప్రధాన వనరు ఆస్తి పన్నే. దశాబ్దాల పాటు ప్రణాళిక లేకుండా పెరిగిన ఊళ్ళకు రోడ్లు, నీటి తొట్లు, మురుగు శుద్ధి కేంద్రాలు నిర్మించడానికి చాలా ధనం, చాలా కాలం పడుతుంది. పైగా 2021 జూన్‌లో మరి 23 గ్రామాలు నగరంలో కలిసినవి. వైశాల్యంలో పుణె ముంబయిని కూడా మించినది. ఆదాయం అంత వేగంగా పెరగలేదు. పాత పట్టణ ప్రజలు "మా పన్నులతో శివారులను పోషిస్తున్నాము" అన్నారు. శివారు ప్రజలు "మా పన్నులు నగరం తింటున్నది" అన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది.

మాట చెప్పే మనిషి లేకపోవడం

విద్యార్థులారా, ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ ప్రసంగానికి కీలకం. పన్ను భారం ఒక్కటే అయితే బహుశా ఈ ఊళ్ళు వేరుపడేవి కావు. అంతకంటె లోతైన కారణం ఒకటి ఉన్నదని నా అభిప్రాయం. తేదీలను వరుసగా చూడండి.

2017 అక్టోబరులో పంచాయతీ పోయినది. నగరపాలక సభకు ఎన్నికలు అదే ఏడాది ఫిబ్రవరిలో ముగిసినవి కనుక కొత్త గ్రామాలకు సభ్యులు లేరు. 2019 జూన్‌లో ఉపఎన్నిక జరిగినది. పదకొండు గ్రామాలకు కలిపి ఇచ్చిన స్థానాలు రెండు! 162 మంది ఉన్న సభలో ఈ ఇద్దరూ చేరినారు. 2022 మార్చిలో సభ గడువు ముగిసినది. తిరిగి ఎన్నికలు సకాలంలో జరగలేదు. రిజర్వేషన్ల వివాదం, వార్డుల విభజన వివాదం న్యాయస్థానాలలో నడుస్తూ ఉండగా నగరాన్ని పరిపాలకుడుగా నియమితుడయిన అధికారి నడిపినాడు. అంటే 2017 అక్టోబరు నుండి 2024 సెప్టెంబరు వరకు గడచిన సుమారు ఏడు సంవత్సరాలలో ఈ ఊళ్ళ వారికి ఎన్నికైన ప్రతినిధి ఉన్నది మూడు సంవత్సరాల లోపే.

పంచాయతీ రోజులలో వీధి దీపం వెలగకపోతే సర్పంచిని వాకిట్లో నిలదీసేవారు. సర్పంచి చేసినా చేయకపోయినా ముఖాముఖిగా జవాబు చెప్పవలసివచ్చేది. తరువాత అర్జీ పట్టుకొని నగరంలోని కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చినది. పన్ను కట్టమని అడిగేవాడు ఇంటికి వస్తున్నాడు. ఆ పన్ను ఏమయినదని అడగడానికి మాత్రం మనిషి లేడు. స్వపరిపాలన అంటే గొట్టాలు, కాలువలు మాత్రమే కాదు. మన డబ్బును గురించి మన మాట వినేవాడు ఒకడుండటం. ఆ మాట చెల్లని చోట ఎంత పెద్ద నగరమైనా పరాయిదిగానే కనిపిస్తుంది.

వేరుపడిన విధానం

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ రెండు ఊళ్ళను నగరం నుండి తప్పించి ప్రత్యేక పురపాలక సంఘం ఏర్పరచనున్నట్లు ప్రకటించినది. 2023 మార్చిలో ముసాయిదా వెలువడినది. ఊళ్ళలో అందరూ ఒకే మాట మీద లేరు. పన్ను తగ్గుతుందని సంతోషించినవారు ఉన్నారు. నగరం పేరు పోతే పథకాలు ఆగిపోతవని భయపడినవారు ఉన్నారు. నగరపాలక సంస్థ ఈ ఊళ్ళలో చేపట్టిన పట్టణ ప్రణాళికా పథకాల గతి ఏమిటన్న ప్రశ్న తలెత్తినది. 2024 సెప్టెంబరులో తుది ప్రకటన వెలువడి ఫుర్సుంగి–ఉరుళి దేవాచి పురపాలక సంఘం ఏర్పడినది. మహారాష్ట్రలో స్థానిక ఎన్నికలు జరిపి తీరాలని 2025 మేలో సుప్రీం కోర్టు ఆదేశించిన పిమ్మట, 2025 డిసెంబరులో ఈ కొత్త సంఘానికి తొలి ఎన్నికలు జరిగినవి. అంటే పుట్టిన తరువాత కూడా ఏడాదికి పైగా ఆ సంఘం పరిపాలకుని చేతిలోనే ఉన్నది. మాట చెల్లలేదన్న బాధతో వేరుపడిన ఊళ్ళకు, వేరుపడిన తరువాత కూడా మాట వెంటనే దక్కలేదు.

కల్యాణ్ గ్రామాల అనుభవం

పుణెను కాసేపు విడిచి, ముంబయి సమీపంలోని కల్యాణ్–డోంబివలీ వైపు చూద్దాము. కల్యాణ్ నగరపాలక సంస్థ 1983లో ఏర్పడినప్పుడు చుట్టూ ఉన్న గ్రామాలు అందులో చేరినవి. పన్నులు, సదుపాయాల విషయంలో అసంతృప్తి రగిలినది. 2002లో 27 గ్రామాలు సంస్థ నుండి వేరయినవి. 2015 జూన్ 1న అవే 27 గ్రామాలు మళ్ళీ అందులో చేరినవి. 2020 మార్చిలో వాటిలో 18 గ్రామాలను మరల విడదీసి, ప్రత్యేక పురపాలక సంఘం ఏర్పరుస్తూ ప్రభుత్వం ప్రకటన జారీ చేసినది. నగరంతో బాగా కలిసిపోయిన తక్కిన తొమ్మిది గ్రామాలు సంస్థలోనే ఉండిపోయినవి.

ఆ విభజన నిలువలేదు. 2020 డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆ ప్రకటనను రద్దు చేసినది. నగరపాలక సంస్థను చట్టం కోరిన రీతిలో సంప్రదించలేదన్నది అందుకు ముఖ్య కారణం. ఇంతకుముందు గుర్తుంచుకోమన్న మాట ఇదే. సంప్రదింపు అంటే ఒక లేఖ పంపి ఊరుకోవడం కాదు. అవతలి పక్షం అభిప్రాయం విని, దానిని తూచి నిర్ణయించడం. విడిపోయే ఊరి కోరిక ఎంత బలమైనదైనా, ఎవరి నుండి విడిపోతున్నదో వారి మాట వినకుండా విడదీయకూడదన్నది ఈ తీర్పులోని నీతి.

ఇరవై సంవత్సరాల లోపున ఒకే గ్రామం నగరంలో, నగరం వెలుపల, మళ్ళీ నగరంలో, మళ్ళీ వెలుపల, తిరిగి లోపల అయితే అక్కడి సామాన్యుని గతి ఏమిటి? ఇల్లు కట్టుకొనే అనుమతి ఒకసారి ఒక కార్యాలయంలో, మరొకసారి మరొక కార్యాలయంలో. ఎవరి అజమాయిషీ అన్నది తేలని కాలంలో అనుమతి లేని కట్టడాలు పుట్టగొడుగుల వలె లేస్తవి. పిమ్మట వాటిని కూల్చేవారూ ఉండరు, క్రమబద్ధం చేసేవారూ ఉండరు. ఆ ఇళ్ళు కొనుక్కున్న చిన్న ఉద్యోగి నష్టపోతాడు. నవీ ముంబయిలోనూ ఇటువంటిదే జరిగినది. 2007లో 14 గ్రామాలు ఆ సంస్థ నుండి వెలుపలికి వచ్చినవి. వాటిని మరల చేర్చుతామని 2022లో ప్రభుత్వం ప్రకటించినది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకుండా ఉండాలంటే, విడదీసే ముందే ఆలోచించవలసినది చాలా ఉన్నది.

పంపకాలలో పంచలేనివి

ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు పెద్దమనుషులు కూర్చుని పంపకాలు చేస్తారు. పొలం పంచుతారు, పశువులను పంచుతారు, అప్పులు పంచుతారు. కాని బావిని పంచలేరు, దారిని పంచలేరు. వాటిని ఉమ్మడిగా ఉంచి, ఎవరు ఎప్పుడు వాడుకోవాలో కాగితం రాసుకుంటారు. పురపాలక సంఘాల విషయంలోనూ ఇంతే. ఇక్కడ పంచలేనివి ప్రధానంగా నాలుగు.

మొదటిది నీరు. పుణెకు నీరు వచ్చేది ఖడక్‌వాస్లా తదితర జలాశయాల నుండి. చిన్న పురపాలక సంఘం సొంతంగా జలాశయం కట్టుకోలేదు. వేరుపడిన నాటి నుండి ఎంత నీరు, ఏ ధరకు, ఎన్ని సంవత్సరాలు అన్నది ఒప్పందంలో లేకపోతే, ఎండాకాలంలో మొదట ఆగిపోయేది శివారు ఊరి గొట్టమే.

రెండవది చెత్త. ఊళ్ళు వేరుపడినవి కాని డిపో కదలలేదు. పొలిమేర గీతను ఎటు జరిపినా గాలికి, భూగర్భ జలానికి ఆ గీత తెలియదు. పాత కుప్పలను తవ్వి, వేరుచేసి, నేలను శుద్ధి చేసే ఖర్చు ఎవరిది? చెత్త నగరానిది, అనుభవించినది ఊళ్ళు. న్యాయంగా ఆ బాధ్యత నగరం మీదనే ఉండాలి. వేరుపడిన ఊరు ఇకపై నగర సభలో అడగలేదు కనుక, ఆ బాధ్యతను రాతలో పెట్టుకోవడం మరింత అవసరం.

మూడవది ప్రణాళిక. రోడ్డు ఒక సంఘం పరిధిలో ఎనభై అడుగులుండి, గీత దాటగానే ముప్పై అడుగులయితే ప్రయాణికునికి మిగిలేది ఇరుకే. వాన కురిస్తే నాలా ఈ సంఘంలో పుట్టి ఆ సంఘంలో పొంగుతుంది. అందుకొరకే రాజ్యాంగం 243-జడ్‌ఇ అధికరణంలో, పది లక్షలు మించిన మహానగర ప్రాంతాలకు ప్రణాళికా సంఘం ఉండాలని చెప్పినది. అందులో మూడింట రెండు వంతుల సభ్యులకు తగ్గకుండా పురపాలక సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలో నుండి ఎన్నుకొనాలి. పెద్ద నగరం, చిన్న పట్టణం, పల్లె ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు ఇది. దురదృష్టవశాత్తు మన దేశంలో చాలాచోట్ల ఈ సంఘాలు పేరుకు మాత్రమే ఉన్నవి.

నాలుగవది ఉద్యోగులు, అప్పులు, బకాయిలు. పంచాయతీ నుండి నగరానికి వెళ్ళిన పారిశుద్ధ్య కార్మికుడు తిరిగి ఎవరి ఉద్యోగి? అతని జీతం, పింఛను ఎవరు ఇస్తారు? నగరం వసూలు చేసుకున్న పన్ను ఎంత, ఊళ్ళలో ఖర్చు పెట్టినది ఎంత? ఈ లెక్క బహిరంగంగా పెడితే సగం తగాదా తీరిపోతుంది. పెట్టకపోతే రెండు వైపులా అనుమానమే పెరుగుతుంది.

మన ప్రాంతపు పోలిక

ఇది మహారాష్ట్ర సమస్య మాత్రమే కాదు. 2007 ఏప్రిల్‌లో హైదరాబాదు పాత నగరపాలక సంస్థలో పన్నెండు పురపాలక సంఘాలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలిపి మహానగర సంస్థను ఏర్పరచినారు. నగరానికి ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్ అప్పుడు పంచాయతీగానే వెలుపల ఉండిపోయినది. హైదరాబాదు చెత్త మాత్రం అక్కడికే వెళ్ళినది. ఉరుళి దేవాచి ప్రజలు పడిన బాధలే అక్కడి ప్రజలూ పడినారు. 2019లో జవహర్‌నగర్ తానే ఒక నగరపాలక సంస్థ అయినది. 2025 డిసెంబరులో హైదరాబాదు చుట్టూ ఉన్న మొత్తం 27 పురపాలక సంస్థలతో పాటు అది మహానగర సంస్థలో విలీనమయినది. గీతకు వెలుపల ఉన్నప్పుడూ, సొంత సంస్థ అయినప్పుడూ, లోపలికి వచ్చినప్పుడూ ఆ ఊరి ముందున్న ప్రశ్న ఒకటే: నగరపు చెత్తకు బాధ్యులు ఎవరు, ఆ మాట ఎవరిని అడగాలి?

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. కలపడం ఎల్లప్పుడూ మంచిది కాదు. విడదీయడం ఎల్లప్పుడూ చెడ్డది కాదు. పెద్ద సంస్థకు ఆర్థిక బలం ఉంటుంది, నిపుణులు ఉంటారు. చిన్న సంస్థకు ప్రజల దగ్గరితనం ఉంటుంది. అయితే దగ్గరితనం ఉన్నంత మాత్రాన ఇంజనీరు దొరకడు. బలం ఉన్నంత మాత్రాన ఊరి గోడు వినబడదు. ఏది ఎన్నుకున్నా, రెండవ దాని లోటును పూడ్చే ఏర్పాటు కూడా దానితోనే చేసుకోవాలి. నగరంలో ఉండే ఊళ్ళకు, జనాభాకు తగిన స్థానాలు, వార్డు స్థాయిలో నిధులపై అధికారం కావాలి. వేరుపడే ఊళ్ళకు నీరు, చెత్త, రోడ్ల మీద చట్టబద్ధమైన ఒప్పందాలు, తొలి సంవత్సరాలలో రాష్ట్రం నుండి ఆర్థిక సహాయం, ఆలస్యం లేని ఎన్నికలు కావాలి.

ఎన్నికల గురించి ఒక మాట నొక్కి చెబుతాను. 243-యు అధికరణం పురపాలక సభ ఆయువు అయిదేళ్ళని, గడువు తీరకముందే కొత్త ఎన్నికలు జరగాలని శాసిస్తున్నది. పుణె నగరానికి 2022 మార్చిలో ముగిసిన గడువు తరువాత ఎన్నికలు జరిగినది 2026 జనవరిలో. ఆ మధ్యకాలంలోనే ఫుర్సుంగి, ఉరుళి దేవాచి విడిపోయినవి. ఇచ్చే వైపు ఎన్నికైన సభ లేదు. పుచ్చుకునే వైపు కూడా లేదు. అధికారులు చట్టప్రకారమే పనిచేసి ఉండవచ్చు. కాని అన్నదమ్ములు ఇద్దరూ ఊళ్ళో లేనప్పుడు జరిగిన పంపకాలు ఎంత ధర్మబద్ధమైనవయినా, తరువాత తగాదాకు తావిస్తవి. ముందు సభ, తరువాత గీత అన్నది మనం నేర్చుకోవలసిన పాఠం.

సమైక్యత పొలిమేర దగ్గర మొదలవుతుంది

జాతీయ సమైక్యత అనగానే మనకు హిమాలయాలు, కన్యాకుమారి జ్ఞాపకం వస్తవి. కాని మన పక్క ఊరితో నీరు పంచుకోలేనివారము, మన చెత్తను మన వీధికి దూరంగా ఉంటే చాలునని మరొకరి వాకిట్లో పోసేవారము, దూరాన ఉన్న రాష్ట్రాలతో సోదరభావాన్ని ఎట్లా నిలుపుకుంటాము? వేరుపడటం శత్రుత్వం కాదు. ఈ దేశంలో రాష్ట్రాలు విడిపోయినవి, జిల్లాలు విడిపోయినవి. అయినా దేశం ఒకటిగానే ఉన్నది. కారణం, విడిపోయిన తరువాత కూడా ఒకరి మాట ఒకరు వినే సంస్థలను మనం నిర్మించుకోవడమే. ఆ పద్ధతి ఢిల్లీలో ఎంత అవసరమో ఊరి పొలిమేరలో అంతకంటె ఎక్కువ అవసరం.

విద్యార్థులారా, మీకొక పని అప్పగించి ముగిస్తాను. మీరు నివసించే ఊరు ఏ సంస్థ పరిధిలో ఉన్నదో తెలుసుకోండి. అది ఏ సంవత్సరంలో ఆ పరిధిలోనికి వచ్చినదో పెద్దలను అడగండి. మీ ఇంటి పన్ను రసీదు చూడండి. మీ వార్డు సభ్యుని పేరు తెలుసుకోండి; సభ్యుడు లేకపోతే ఎందుకు లేడో అడగండి. మీ ఇంటి చెత్తను బండి తీసుకొని పోయిన తరువాత అది ఏ ఊరికి చేరుతున్నదో కనుక్కోండి. ఆ ఊరికి ఒకసారి వెళ్ళి రండి. అక్కడ మీ వయస్సు పిల్లలు ఏ గాలి పీలుస్తున్నారో, ఏ నీరు తాగుతున్నారో చూసి వచ్చినవారికి, పొలిమేర గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పే అలవాటు పోతుంది. ఆ గీతకు రెండు వైపులా ఉన్నవారు మనవారేనన్న ఎరుక కలుగుతుంది.